బటన్ నొక్కితే ఒక్క అక్షరం: వెరిలాగ్‌లో రాసి ఎఫ్‌పీజీఏ మీద నడిపించడం ఎలా

ఎఫ్‌పీజీఏ అంటే లోపలి సర్క్యూట్‌ని మనమే నిర్ణయించుకోగల చిప్, ఆ సర్క్యూట్ ఏమిటో రాసి చెప్పే భాష వెరిలాగ్. అది చూడటానికి సీ భాషలా ఉంటుంది, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. సీలో ఒక లైను అయ్యాక ఇంకో లైను నడుస్తుంది. వెరిలాగ్‌లో మీరు రాసే ప్రతి బ్లాకూ చిప్‌లో విడిగా ఒక సర్క్యూట్ అయి కూర్చుంటుంది, అన్నీ ఒకేసారి పనిచేస్తుంటాయి. అందుకే కోడ్ మొదలుపెట్టే ముందే ఎన్ని ఫ్లిప్‌ఫ్లాప్‌లు (ఒక్కో బిట్టుని గుర్తుంచుకునే సర్క్యూట్లు) వస్తాయో కాగితం మీద లెక్క వేసుకోవాలి. సింథసిస్ (కోడ్‌ని టూల్ సర్క్యూట్‌గా మార్చడం) అయ్యాక టూల్ ఇచ్చిన లెక్కతో దాన్ని సరిపోల్చాలి. రెండూ కలవకపోతే బోర్డు జోలికి వెళ్లకూడదు. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే మిగతావన్నీ నెమ్మదిగా వాటంతట అవే వస్తాయి.

ఇక్కడ కట్టబోయేది చిన్న డిజైన్. బోర్డు మీద బటన్ ఒకసారి నొక్కితే సీరియల్ లైను మీద కంప్యూటర్‌కి ఒకే ఒక్క అక్షరం వెళ్లాలి, వేగం 115200 బాడ్, అంటే సెకనుకి అన్ని బిట్లు. ఎల్ఈడీ మినుకుమనిపించడంతో మొదలుపెట్టడం మామూలే కానీ, అందులో బయటి నుంచి వచ్చే సిగ్నల్ ఉండదు, కచ్చితంగా పాటించాల్సిన టైమింగ్ ఉండదు, తప్పు చేసినా కంటికి తెలియదు. ఈ డిజైన్‌లో తప్పు చేస్తే వెంటనే బయటపడుతుంది.

ఉదాహరణకి తీసుకున్నది ఐస్‌బ్రేకర్ బోర్డు. దాని మీద ల్యాటిస్ వాళ్ల ఐస్40 అల్ట్రాప్లస్ యూపీ5కే చిప్ ఉంటుంది: 5,280 లట్‌లు, ఒక్కోటి 4 కిలోబిట్ల మెమరీ బ్లాకులు 30, బయట 12 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్. లట్ అంటే నాలుగు ఇన్‌పుట్‌లూ 16 బిట్ల పట్టికా ఉన్న చిన్న సర్క్యూట్. నాలుగు ఇన్‌పుట్‌లతో సాధ్యమయ్యే ఏ లాజిక్ అయినా ఆ పట్టిక నింపితే చాలు, తయారవుతుంది. ప్రతి లట్ పక్కనా ఒక ఫ్లిప్‌ఫ్లాప్ ఉంటుంది. మీ దగ్గర వేరే బోర్డు ఉంటే క్లాక్ వేగమూ పిన్ను నంబర్లూ మార్చుకోండి, మిగతాదంతా ఇదే.

## ముందు కాగితం

డిజైన్‌ని నాలుగు పెట్టెలుగా గీయండి. ఒక్కో పెట్టెలో ఏ విలువలు ఒక క్లాక్ (ఆసిలేటర్ ఒక్కో టిక్కు) నుంచి తర్వాతి క్లాక్‌కి గుర్తుండాలో రాయండి. గుర్తుండాల్సిన ప్రతి బిట్టూ ఒక ఫ్లిప్‌ఫ్లాప్.

సింక్రనైజర్: బటన్ సిగ్నల్‌ని మన క్లాక్‌లోకి తెచ్చేది. 2 ఫ్లిప్‌ఫ్లాప్‌లు.

డీబౌన్స్: బటన్ లోపలి లోహపు ముక్కలు తగిలేటప్పుడు కొన్ని మిల్లీసెకన్ల పాటు తగిలీ వదిలీ ఎగురుతుంటాయి. ఆ అల్లరి సద్దుమణిగే దాకా ఆగాలి. 17 బిట్ల కౌంటర్ పెడితే 1,31,072 క్లాక్‌లు, అంటే 12 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 11 మిల్లీసెకన్లు. దానికి తోడు స్థిరపడిన విలువకి 1, అంతకు ముందు క్లాక్‌లోని విలువకి 1. మొత్తం 19.

బాడ్ కౌంటర్: 1,20,00,000ని 115200తో భాగిస్తే 104.17. దాన్ని 104 చేస్తే వచ్చే తేడా 0.16 శాతం. సీరియల్‌లో ప్రతి అక్షరానికీ ముందు స్టార్ట్ బిట్ (0), చివర స్టాప్ బిట్ (1) ఉంటాయి. స్టార్ట్ బిట్ మొదలైన చోటు నుంచి స్టాప్ బిట్ మధ్యకి 9.5 బిట్ల దూరం ఉంటుంది, ఆ దూరంలో అర బిట్టు జారితే అక్షరం పాడవుతుంది. అంటే రెండు వైపులా కలిపి గట్టు దాదాపు 5 శాతం దగ్గర ఉంది. మన వైపు తేడా 2 శాతం దాటనివ్వకపోతే నిశ్చింతగా ఉండొచ్చు. 0 నుంచి 103 దాకా లెక్కపెట్టడానికి 7 బిట్లు.

పంపే భాగం: స్టార్ట్ బిట్, 8 డేటా బిట్లు, స్టాప్ బిట్ కలిపి 10 బిట్ల షిఫ్ట్ రిజిస్టర్, అంటే బిట్లని ఒక్కో అడుగు పక్కకి జరిపే ఫ్లిప్‌ఫ్లాప్‌ల వరస. ఇంకా ఎన్ని బిట్లు మిగిలాయో చెప్పే కౌంటర్‌కి 4. మొత్తం 14.

అన్నీ కూడితే 42. ఈ అంకెని కాగితం మూల రాసి ఉంచుకోండి.

## భాషలో పాటించాల్సినవి

సింథసిస్‌కి పనికొచ్చే వెరిలాగ్ చాలా చిన్నది. ఆల్వేస్ బ్లాకులు రెండు రకాలే రాయండి. ఒకటి క్లాక్ పాజ్‌ఎడ్జ్ (0 నుంచి 1కి లేచే అంచు) మీద నడిచేది, అందులో అసైన్‌మెంట్లన్నీ నాన్‌బ్లాకింగ్, అంటే <= గుర్తు. రెండోది స్టార్ గుర్తుతో రాసే కాంబినేషనల్ బ్లాకు (క్లాక్‌తో పనిలేకుండా ఇన్‌పుట్ మారగానే అవుట్‌పుట్ మారేది), అందులో = గుర్తు. ఒకే బ్లాకులో రెండూ కలపొద్దు. ఒకే రిజిస్టర్‌కి రెండు బ్లాకుల్లో విలువ ఇవ్వొద్దు.

ఈ గుర్తుల తేడా ఎంత పని చేస్తుందో సింక్రనైజర్‌లోనే చూడొచ్చు. క్లాక్ బ్లాకులో రెండు లైన్లు ఉన్నాయనుకోండి:

ఎస్1 <= బటన్;
ఎస్2 <= ఎస్1;

క్లాక్ అంచు వచ్చినప్పుడు కుడివైపు విలువలన్నీ ముందు చదివేసి, ఆ తర్వాతే ఎడమవైపు రాస్తారు. కాబట్టి ఎస్2కి దక్కేది ఎస్1 పాత విలువ. వరసగా రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లు వస్తాయి. అదే రెండు లైన్లని = గుర్తుతో రాస్తే ఎస్1 అప్పటికే మారిపోయి ఉంటుంది, ఎస్2కి నేరుగా బటన్ విలువే వస్తుంది. రెండిటికీ ఒకే ఇన్‌పుట్ కాబట్టి టూల్ వాటిని కలిపేసి ఒక్క ఫ్లిప్‌ఫ్లాప్ మిగులుస్తుంది. సింక్రనైజర్ ఉందని మీరనుకుంటారు, చిప్‌లో ఉండదు. బోర్డు మీద వందసార్లు నొక్కినా ఇది కంటపడకపోవచ్చు. కాగితం లెక్కకి ఒకటి తగ్గిందని రిపోర్టులో మాత్రం తప్పకుండా కనిపిస్తుంది.

కాంబినేషనల్ బ్లాకులో ఇంకో ఉచ్చు ఉంది. ఇఫ్ రాసి ఎల్స్ మర్చిపోతే, ఆ షరతు వర్తించనప్పుడు పాత విలువనే పట్టుకుని ఉండమని అర్థం వస్తుంది. దానికోసం టూల్ ఒక ల్యాచ్ (క్లాక్ అంచు లేకుండానే విలువని పట్టి ఉంచే సర్క్యూట్) తయారు చేస్తుంది. ఐస్40లో ల్యాచ్ అనే భాగమే లేదు కాబట్టి లట్ అవుట్‌పుట్‌ని దాని ఇన్‌పుట్‌కే తిప్పి పెడుతుంది. దాని టైమింగ్ ఎవరి అదుపులోనూ ఉండదు. బ్లాకు మొదటి లైన్లలోనే ప్రతి అవుట్‌పుట్‌కీ ఒక డిఫాల్ట్ విలువ ఇచ్చేయండి, ఈ బెడద పోతుంది.

ప్రతి ఫైలు పైనా డిఫాల్ట్ నెట్‌టైప్ నన్ అనే డైరెక్టివ్ పెట్టండి. అది లేకపోతే పేరులో అక్షరం తప్పు పడినా వెరిలాగ్ ఊరుకుంటుంది, ఆ తప్పు పేరుతో ఒక్క బిట్ వైరు పుట్టించి ముందుకు సాగిపోతుంది. వెడల్పుల విషయంలోనూ అంతే: 8 బిట్ల విలువని 6 బిట్ల రిజిస్టర్‌లో వేస్తే పై రెండు బిట్లూ మాట్లాడకుండా రాలిపోతాయి. వెరిలేటర్ అనే టూల్‌ని లింట్ మోడ్‌లో (కోడ్‌లో తప్పులు మాత్రమే వెతికే పద్ధతి), అన్ని హెచ్చరికలూ చూపించమని నడిపిస్తే ఇలాంటివన్నీ పట్టిస్తుంది. అది అరనిమిషం పని. చేయకుండా ముందుకు పోవద్దు.

వెరిలాగ్‌కి బదులు వీహెచ్‌డీఎల్ భాషలో రాసేవాళ్లకీ సర్క్యూట్ ఇదే. ప్రాసెస్‌లో రైజింగ్ ఎడ్జ్ షరతు కింద సిగ్నల్‌కి విలువ ఇస్తే అది నాన్‌బ్లాకింగ్ లాగే పనిచేస్తుంది. రకాల విషయంలో ఆ భాష కఠినంగా ఉండటం వల్ల వెడల్పు తప్పులు చాలావరకు కంపైల్ దగ్గరే ఆగిపోతాయి. లెక్కలకి న్యూమరిక్ ఎస్‌టీడీ ప్యాకేజీనే వాడండి. వీహెచ్‌డీఎల్ 1987లో, వెరిలాగ్ 1995లో, సిస్టమ్‌వెరిలాగ్ 2005లో ఐట్రిపుల్ఈ ప్రమాణాలయ్యాయి. టూల్ ఒప్పుకుంటే సిస్టమ్‌వెరిలాగ్‌లోని ఆల్వేస్ ఎఫ్ఎఫ్, ఆల్వేస్ కాంబ్ వాడటం మేలు. మీరు కట్టాలనుకున్నది ఏమిటో టూల్‌కి ముందే తెలుస్తుంది, పొరపాటున ల్యాచ్ వస్తే గట్టిగా చెబుతుంది.

## బటన్ వైపు

బయటి నుంచి వచ్చే ఏ సిగ్నల్‌కీ మన క్లాక్‌తో సంబంధం ఉండదు. ఫ్లిప్‌ఫ్లాప్‌కేమో క్లాక్ అంచుకి కాస్త ముందు నుంచి కాస్త తర్వాత దాకా ఇన్‌పుట్ కదలకుండా ఉండాలి. సరిగ్గా ఆ సందులో మారితే అవుట్‌పుట్ 0కీ 1కీ మధ్య కాసేపు ఊగిసలాడుతుంది. దీన్నే మెటాస్టబిలిటీ అంటారు. ఊగుతున్న సిగ్నల్ రెండు చోట్లకి వెళ్తే ఒక చోట 0గా, ఇంకో చోట 1గా అర్థమవుతుంది, స్టేట్ మెషిన్ (ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారుతూ పనిచేసే సర్క్యూట్) ఎక్కడా లేని స్థితిలోకి పోతుంది. రెండో ఫ్లిప్‌ఫ్లాప్ పెడితే ఊగిసలాట తేలడానికి ఒక క్లాక్ సమయం దొరుకుతుంది. మెటాస్టబిలిటీని ఇది పూర్తిగా తొలగించదు, లోపలికి వచ్చే అవకాశాన్ని అతి తక్కువకి తెస్తుంది.

ఈ రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల పద్ధతి ఒక్క బిట్టుకే పనికొస్తుంది. 8 బిట్ల బస్సుకి (కలిసి వెళ్లే తీగల కట్టకి) బిట్టుకొకటి చొప్పున పెడితే కొన్ని బిట్లు ఒక క్లాక్ ముందూ కొన్ని వెనకా చేరి, ఎప్పుడూ లేని విలువ ఒకటి పుట్టుకొస్తుంది. బస్సుకైతే హ్యాండ్‌షేక్ (విలువ సిద్ధమని, అందిందని రెండు వైపులా చెప్పుకోవడం) గానీ, గ్రే కోడ్ (అడుగుకి ఒక్క బిట్టే మారే లెక్క) పాయింటర్లున్న అసింక్రనస్ ఫీఫో (రెండు క్లాక్‌ల మధ్య వచ్చిన వరసలోనే డేటా ఇచ్చే నిల్వ) గానీ కావాలి.

డీబౌన్స్ తర్కం ఇలా రాయండి: సింక్రనైజర్ నుంచి వచ్చిన విలువా, స్థిరపడిన విలువా ఒకటే అయితే కౌంటర్‌ని 0 చేయండి. వేరైతే ఒకటి పెంచండి. కౌంటర్ బిట్లన్నీ 1 అయినప్పుడు కొత్త విలువని స్థిరపడిన విలువగా తీసుకుని కౌంటర్‌ని 0 చేయండి. మధ్యలో ఒక్క క్లాక్ పాటు వెనక్కి ఎగిరినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది, మనకి కావాల్సింది అదే.

ఐస్‌బ్రేకర్‌లో బటన్ నొక్కితే 0, వదిలితే 1. కాబట్టి వెనకటి విలువ 1, ఇప్పటి విలువ 0 అయిన ఆ ఒక్క క్లాకే నొక్కినట్టు లెక్క. సింక్రనైజర్ రెండిటికీ, స్థిరపడిన విలువకీ, వెనకటి విలువకీ మొదటి విలువ 1 ఇవ్వండి. వెనకటి విలువకి మాత్రమే 1 ఇచ్చి స్థిరపడిన దాన్ని 0 దగ్గర వదిలేస్తే, కరెంటు రాగానే ఎవరూ నొక్కకుండానే ఒక అక్షరం వెళ్లిపోతుంది.

## పంపే వైపు

12 మెగాహెర్ట్జ్‌ని 104తో భాగించి కొత్త క్లాక్ తయారుచేసి, దాన్ని షిఫ్ట్ రిజిస్టర్ క్లాక్ పిన్నుకి ఇవ్వాలని మొదట్లో అందరికీ అనిపిస్తుంది. వద్దు. లాజిక్‌లోంచి వచ్చిన సిగ్నల్‌ని క్లాక్‌గా వాడితే అది ఒక్కో ఫ్లిప్‌ఫ్లాప్‌కి ఒక్కో సమయంలో చేరుతుంది, కాంబినేషనల్ లాజిక్‌లో పుట్టే చిన్న చిన్న గ్లిచ్‌లు (క్షణకాలపు తప్పుడు పల్స్‌లు) కూడా క్లాక్ అంచులైపోతాయి. డిజైన్ అంతటికీ ఒకే క్లాక్ ఉండాలి. బాడ్ కౌంటర్ 103 చేరిన క్లాక్‌లో మాత్రమే షిఫ్ట్ జరగాలని ఇఫ్ షరతు రాయండి. టూల్ దాన్ని ఫ్లిప్‌ఫ్లాప్ ఎనేబుల్ పిన్నుకి కలుపుతుంది.

వరస ఇది. మిగిలిన బిట్ల కౌంటర్ 0గా ఉండి బటన్ పల్స్ వస్తే: షిఫ్ట్ రిజిస్టర్‌లో పైన 1, మధ్యలో 8 డేటా బిట్లు, కింద 0 నింపండి, బిట్ల కౌంటర్‌లో 10 వేయండి, బాడ్ కౌంటర్‌ని 0 చేయండి. బిట్ల కౌంటర్ 0 కానంతసేపూ బాడ్ కౌంటర్ నడుస్తుంది. అది 103 చేరినప్పుడు 0 అవుతుంది, రిజిస్టర్ కుడివైపుకి ఒక బిట్టు జరుగుతుంది, పైనుంచి 1 వచ్చి చేరుతుంది, బిట్ల లెక్క ఒకటి తగ్గుతుంది. బయటికి పోయే లైను రిజిస్టర్ కింది బిట్టే, మధ్యలో ఏ గేటూ ఉండకూడదు. అలాగైతే లైను మీద గ్లిచ్ రాదు. రిజిస్టర్ మొదటి విలువ పదీ 1లు, ఎందుకంటే సీరియల్ లైను ఖాళీగా ఉన్నప్పుడు 1 దగ్గర ఉండాలి.

బాడ్ కౌంటర్‌ని మొదట్లోనే 0 చేయమన్నదానికి కారణం ఉంది. దాన్ని ఎప్పుడూ నడిచేలా వదిలేస్తే, బటన్ నొక్కేసరికి అది 20 దగ్గర ఉండొచ్చు, 95 దగ్గర ఉండొచ్చు. స్టార్ట్ బిట్ వెడల్పు ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. ఒకసారి సరైన అక్షరం, ఇంకోసారి చెత్త. మనిషి ఎప్పుడు నొక్కుతాడన్నది యాదృచ్ఛికం కాబట్టి ఈ తప్పు వేళాపాళా లేకుండా కనిపించి ఎంతకీ దొరకదు.

103కి బదులు 104తో పోల్చడం ఇంకో మామూలు పొరపాటు. బిట్టుకి 105 క్లాక్‌లు పడుతుంది, తేడా 0.8 శాతం. అక్షరాలు శుభ్రంగానే వెళ్తాయి, తప్పు దాక్కుంటుంది. రేపు అదే మాడ్యూల్‌ని సెకనుకి 10 లక్షల బిట్ల వేగానికి వాడితే 12కి బదులు 13 క్లాక్‌లు, తేడా 8 శాతం దాటి ఒక్క అక్షరమూ సరిగా చేరదు. బోర్డు మీద పనిచేసింది కదా అని వదలకుండా, సిమ్యులేషన్ వేవ్‌ఫామ్‌లో (సిగ్నళ్లు కాలంతో ఎలా మారాయో చూపే గీతల్లో) రెండు అంచుల మధ్య క్లాక్‌లు లెక్కపెట్టి చూడమనేది ఇందుకే.

## ఏ అక్షరం పంపాలి

మొదటి పరీక్షకి ఇంగ్లిష్ పెద్దబడి యూ పంపండి. దాని కోడు హెక్స్‌లో 55, బిట్లు 01010101. కింది బిట్టు ముందు పోతుంది కాబట్టి స్టార్ట్, స్టాప్ కలిపి లైను మీద 0101010101 వస్తుంది. ఒక్కో మెట్టు దాదాపు 8.67 మైక్రోసెకన్లు. ఆసిలోస్కోప్‌లో గానీ లాజిక్ ఎనలైజర్‌లో గానీ ఒక్క చూపులో వెడల్పు కొలవొచ్చు. బిట్లు తలకిందులుగా వెళ్తే కంప్యూటర్ వైపు హెక్స్ ఏఏ కనిపిస్తుంది.

పెద్దబడి బీని మాత్రం పరీక్షకి వాడకండి. దాని బిట్లు 01000010, ఎటునుంచి చదివినా ఒకటే. బిట్ల వరస తప్పినా అది సరిగ్గానే చేరి మిమ్మల్ని నమ్మించేస్తుంది.

## సిమ్యులేషన్

ఐకారస్ వెరిలాగ్ అనే సిమ్యులేటర్‌తో నడిపి, వేవ్‌ఫామ్‌ని జీటీకేవేవ్‌లో చూడొచ్చు. టెస్ట్‌బెంచ్‌లో (డిజైన్‌ని పరీక్షించడానికి విడిగా రాసే కోడ్‌లో) క్లాక్ ప్రతి 41.667 నానోసెకన్లకీ తిరగబడాలి. టైమ్‌స్కేల్ ఒక నానోసెకను, ఖచ్చితత్వం ఒక పికోసెకను అని పెట్టండి. ఖచ్చితత్వం కూడా నానోసెకనే అని పెడితే 41.667 కాస్తా 42 అయిపోయి బిట్ వెడల్పు కొలతలు తప్పుతాయి.

డీబౌన్స్ కౌంటర్ వెడల్పుని పారామీటర్‌గా రాసి ఉంచండి, సిమ్యులేషన్‌లో 17కి బదులు 4 ఇవ్వండి. లేకపోతే ఒక్క నొక్కుకే లక్షకి పైగా ఖాళీ క్లాక్‌లు నడుస్తాయి, వేవ్‌ఫామ్ ఫైలు బరువెక్కిపోతుంది, చూడాల్సిన భాగం అందులో వెతుక్కోవాలి.

వేవ్‌ఫామ్‌ని కళ్లతో చూడటం ఒక్కటే చాలదు. టెస్ట్‌బెంచ్‌లోనే చిన్న రిసీవర్ రాయండి: లైను కిందికి పడగానే ఒకటిన్నర బిట్టు సమయం ఆగి మొదటి డేటా బిట్టు చదవాలి, ఆ తర్వాత బిట్టుకొకటి చొప్పున ఇంకో ఏడు, చివర స్టాప్ బిట్ 1 అవునో కాదో చూడాలి. వచ్చింది హెక్స్ 55 కాకపోతే గట్టిగా ఎర్రర్ ఇచ్చి ఆగిపోవాలి. మూడు సందర్భాలు తప్పనిసరి. శుభ్రమైన నొక్కు. పైకీ కిందికీ నాలుగైదుసార్లు ఎగిరి స్థిరపడే నొక్కు, దీనికి ఒక్క అక్షరమే రావాలి. అక్షరం ఇంకా వెళ్తుండగానే మళ్లీ నొక్కడం, దీన్ని పట్టించుకోకూడదు, వెళ్తున్న అక్షరం చెడకూడదు. నిజం బోర్డులో ఈ మూడోది జరగదు, అక్షరం దాదాపు 87 మైక్రోసెకన్లలో అయిపోతుంది, డీబౌన్స్‌కేమో 11 మిల్లీసెకన్లు కావాలి. పారామీటర్ 4 ఉన్నప్పుడు సిమ్యులేషన్‌లో సులభంగా జరుగుతుంది, కాబట్టి అక్కడే పరీక్షించండి.

వేవ్‌ఫామ్‌లో ఎరుపు రంగు ఎక్స్ కనిపిస్తే ఆ రిజిస్టర్‌కి మొదటి విలువ ఇవ్వలేదన్నమాట. ఎక్స్‌కి ఒకటి కలిపినా ఎక్సే కాబట్టి కౌంటర్ ఎప్పటికీ తేరుకోదు. ఐస్40లో ఫ్లిప్‌ఫ్లాప్‌లు 0తో లేస్తాయి గనుక బోర్డు మీద అదే కోడ్ పనిచేసినట్టే ఉంటుంది. దాన్ని చూసి ఎక్స్‌ని వదిలేయకండి, మొదటి విలువ ఇవ్వండి.

## పిన్నులు, సింథసిస్, లెక్క సరిచూడటం

ఏ సిగ్నల్ ఏ పిన్నుకి వెళ్లాలో చెప్పే పీసీఎఫ్ ఫైలులో నాలుగు లైన్లు చాలు: క్లాక్ 35వ పిన్ను, బటన్ 10, బయటికి పోయే సీరియల్ లైను 9, ఎర్ర ఎల్ఈడీ 11. ఎల్ఈడీ కూడా 0 ఇస్తేనే వెలుగుతుంది, కాబట్టి స్థిరపడిన బటన్ విలువని నేరుగా దానికి కలిపేయండి. నొక్కినంతసేపూ వెలుగుతుంది. ఫైలులోని పేర్లు పై మాడ్యూల్ పోర్టుల పేర్లతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి, పెద్దబడి చిన్నబడి తేడా కూడా లెక్కే.

సింథసిస్ టూల్ యోసిస్‌ని ఐస్40 సింథసిస్ ఆదేశంతో, పై మాడ్యూల్ పేరిచ్చి నడిపిస్తే జేసాన్ ఫైలు వస్తుంది. దాన్నీ పీసీఎఫ్‌నీ నెక్స్ట్‌పీఎన్ఆర్‌కి ఇవ్వండి, చిప్ యూపీ5కే, ప్యాకేజీ ఎస్‌జీ48, ఫ్రీక్వెన్సీ 12. అది ఎక్కడ ఏ లట్ పెట్టాలో, ఏ తీగ ఎటు పోవాలో తేలుస్తుంది. ఐస్‌ప్యాక్ దాన్ని బిట్‌స్ట్రీమ్‌గా (చిప్‌కి అర్థమయ్యే ఫైలుగా) మారుస్తుంది, ఐస్‌ప్రోగ్ బోర్డులోని ఫ్లాష్‌లోకి ఎక్కిస్తుంది. ఎక్కించే ముందు ఆగండి.

యోసిస్ చివర్లో ఇచ్చే లెక్కలో ఎస్‌బీ డీఎఫ్ఎఫ్ అని మొదలయ్యే సెల్స్ అన్నీ కూడండి. కాగితం మీద 42 ఉంది, రిపోర్టులో 41 వస్తే ఒకసారి ఆలోచించండి: షిఫ్ట్ రిజిస్టర్ పై బిట్టులోకి నింపేటప్పుడూ 1, జరిపేటప్పుడూ 1, మొదటి విలువా 1. అది ఎప్పుడూ మారదని గమనించి టూల్ తీసేసింది. అది సరైన పనే. 40 వచ్చిందంటే ఇంకొకటి ఎక్కడో పోయింది, మొదట సింక్రనైజర్ చూడండి. లెక్క సగానికి సగం పడిపోయిందంటే ఏదో షరతు ఎప్పటికీ నిజం కాదని టూల్ తేల్చేసింది. బాడ్ కౌంటర్‌ని 7కి బదులు 6 బిట్లుగా ప్రకటిస్తే సరిగ్గా ఇదే అవుతుంది: 63 దాటని కౌంటర్ 103 ఎన్నటికీ చేరదు, షిఫ్ట్ ఎన్నటికీ జరగదు, అవసరం లేనివన్నీ చెరిగిపోతాయి. బోర్డు మీదైతే లైను 0 దగ్గర పడి అక్కడే ఉండిపోతుంది, కారణం కోసం గంటలు పోతాయి. రిపోర్టులో ఒక్క నిమిషంలో దొరుకుతుంది.

## టైమింగ్

ఒక ఫ్లిప్‌ఫ్లాప్ నుంచి బయల్దేరిన సిగ్నల్ లట్‌లూ తీగలూ దాటి తర్వాతి ఫ్లిప్‌ఫ్లాప్‌కి క్లాక్ అంచు కంటే ముందే చేరాలి. 12 మెగాహెర్ట్జ్‌కి 83.3 నానోసెకన్లు దొరుకుతాయి, ఈ డిజైన్‌కి అది ధారాళం. నెక్స్ట్‌పీఎన్ఆర్ చివర్లో చెప్పే గరిష్ఠ ఫ్రీక్వెన్సీ 12 కంటే ఎక్కువుంటే చాలు.

100 మెగాహెర్ట్జ్ క్లాక్ ఉన్న పెద్ద బోర్డుల్లో మిగిలేది 10 నానోసెకన్లే. వివాడో టూల్‌లో క్రియేట్ క్లాక్ ఆదేశంతో పీరియడ్ 10 అని తప్పనిసరిగా చెప్పండి. చెప్పకపోతే టూల్ టైమింగ్ సరిచూడదు. ఎర్రర్లు లేవు కదా అనుకుంటారు, బోర్డు వేడెక్కాక డిజైన్ తడబడుతుంది. టైమింగ్ సమ్మరీలో డబ్ల్యూఎన్ఎస్ (సిగ్నల్ అంచుకి ముందే చేరాక మిగిలే సమయం), డబ్ల్యూహెచ్ఎస్ (అంచు తర్వాత సిగ్నల్ కదలకుండా ఉండాల్సినదానికి మించి మిగిలే సమయం) రెండూ 0 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. డబ్ల్యూఎన్ఎస్ రుణాత్మకంగా వస్తే అన్నిటికంటే పొడవైన దారి ఏదో రిపోర్టే చూపిస్తుంది. సాధారణంగా అక్కడ ఒకే క్లాక్‌లో గుణకారం, కూడిక, పోలిక వరసగా చేసి ఉంటారు. మధ్యలో రిజిస్టర్ పెట్టి దారిని రెండు క్లాక్‌లకి విడగొట్టండి. డేటాతో పాటు వెళ్లే వ్యాలిడ్ సిగ్నల్‌ని (డేటా ఇప్పుడు చదవొచ్చని చెప్పేది) కూడా అదే ఒక్క క్లాక్ ఆలస్యం చేయాలి. అది మర్చిపోతే టైమింగ్ పాసవుతుంది, ఫలితం మాత్రం ఒక అడుగు పక్కకి పోతుంది.

## బోర్డు మీద

యూఎస్‌బీ కలిపితే ఈ బోర్డు రెండు చానెళ్లుగా కనిపిస్తుంది. మొదటిది ప్రోగ్రామింగ్‌కి, రెండోది సీరియల్‌కి. టెర్మినల్‌లో రెండోది తెరిచి 115200, 8 బిట్లు, ప్యారిటీ లేదు, ఒక స్టాప్ బిట్, ఫ్లో కంట్రోల్ లేదు అని పెట్టండి.

నొక్కితే ముందు ఎల్ఈడీ చూడండి. అది డీబౌన్స్ తర్వాతి సిగ్నల్ కాబట్టి, వెలిగిందంటే క్లాక్, బటన్ పిన్ను, సింక్రనైజర్, డీబౌన్స్ అన్నీ బాగున్నట్టే. వెలగకపోతే క్లాక్ పిన్ను నుంచి వెతకండి. ఎల్ఈడీ వెలిగి అక్షరం రాకపోతే పోర్టు తప్పు తెరిచి ఉంటారు, లేదా పంపే పిన్నూ అందుకునే పిన్నూ తారుమారయ్యాయి. ఒక్క నొక్కుకి రెండు మూడు అక్షరాలు వస్తే, సిమ్యులేషన్ కోసం ఇచ్చిన 4 అనే పారామీటర్ అలాగే ఉండిపోయిందేమో చూడండి. అన్ని బోర్డుల సంగతీ ఇలా ఉండదని కూడా గుర్తుంచుకోండి: కొన్నిటిలో జేటాగ్ (చిప్‌ని ప్రోగ్రామ్ చేసే తీగలు) ద్వారా ఎక్కించింది చిప్ లోపలి ఎస్‌ర్యామ్‌లోనే ఉంటుంది, కరెంటు తీయగానే పోతుంది, అప్పుడు ఫ్లాష్‌లోకి విడిగా రాయాలి.

## ఒక అక్షరం నుంచి ఒక వాక్యానికి

ఇది నడిచాక సహజంగా వచ్చే కోరిక, నొక్కితే మొత్తం వాక్యం పంపాలని. 8 బిట్ల వెడల్పుతో 512 గళ్ల అర్రే ప్రకటించి, రీడ్‌మెమ్‌హెచ్ ఆదేశంతో ఫైలు నుంచి నింపండి. 512 ఇంటూ 8 అంటే 4,096 బిట్లు, సరిగ్గా ఒక మెమరీ బ్లాకు. కానీ చదవడం క్లాక్ బ్లాకులోనే, రిజిస్టర్‌లోకే జరగాలి, ఎందుకంటే ఆ మెమరీ బ్లాకు నిర్మాణమే అలాంటిది. క్లాక్ లేకుండా అసైన్‌తో నేరుగా చదివితే అది ఆ బ్లాకులో ఇమడదు. రాయడానికి కూడా వీలున్న మెమరీ అయితే టూల్ ఆ 4,096 బిట్లనీ ఫ్లిప్‌ఫ్లాప్‌లతో కడుతుంది, 5,280 లట్‌ల చిప్‌లో మిగతావాటికి చోటుండదు. అర్రే మొత్తాన్ని రీసెట్‌తో 0 చేయాలని చూసినా ఇదే గతి.

క్లాక్ మీద చదివినప్పుడు అడ్రసు మార్చిన తర్వాతి క్లాక్‌కి గానీ డేటా రాదు. అడ్రసు పెంచిన క్లాక్‌లోనే షిఫ్ట్ రిజిస్టర్ నింపితే ప్రతిసారీ ముందటి అక్షరమే వెళ్తుంది: మొదటిది రెండుసార్లు, చివరిది అసలు రాదు. అడ్రసు పెంచడానికీ రిజిస్టర్ నింపడానికీ మధ్య స్టేట్ మెషిన్‌లో ఒక స్థితి ఎక్కువ పెట్టండి. అడ్రసుకి 9, మెమరీ నుంచి వచ్చే అక్షరం బ్లాకు లోపలి రిజిస్టర్‌లోనే ఉంటుంది కాబట్టి దానికి 0, స్టేట్ మెషిన్‌కి 2. కాగితం మీది అంకెకి 11 కలిపి, మళ్లీ సింథసిస్ చేయండి.